పెసేటా: నాటి వెండి, నేటి విలువ

కొంతకాలము క్రిందట విశాఖపట్నము నుండి ఒక సోదరి మాకు ఉత్తరము వ్రాసినారు. వారి తండ్రిగారు యౌవనము నుండియు సరుకు ఓడల మీద పనిచేసినవారు. 1970 తరువాత ఇరువది ఏండ్లపాటు బార్సెలోనా, వలెన్సియా రేవులకు పలుమారులు పోయి వచ్చినవారు. ఆయన గతించిన పిదప పాత ట్రంకు పెట్టె తెరచి చూడగా, ఉన్ని కోటు మడతలలో ఒక గుడ్డ సంచి కనిపించినదట. అందులో ఆకుపచ్చని వేయి పెసేటాల నోట్లు అయిదు, బరువైన తెల్లని నూరు పెసేటాల నాణెము ఒకటి, చొక్కా బొత్తామంత ఉన్న అల్యూమినియము బిళ్ళలు గుప్పెడు ఉన్నవట. "ఇది స్పెయిను డబ్బు, పారవేయకండి, ఎప్పటికైనా అక్కరకు వచ్చును అని నాన్నగారు చెప్పుచుండెడివారు. ఈ ఏడు మా అమ్మాయిని కళాశాలలో చేర్పించవలెను. వీటి విలువ ఇప్పుడెంతో చెప్పగలరా?" అని ఆమె అడిగినారు.

ప్రశ్న చిన్నది. ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకొనవచ్చును. కాని ఆ ఒక్క మాట ఆమెకు తృప్తి కలిగింపదు; ఎందుకు అట్లయినదో కూడ తెలియవలెను గదా. డబ్బు ఎట్లు పుట్టి, ఎట్లు పెరిగి, ఎట్లు చిక్కిపోయి, చివరకు ఎట్లు కన్నుమూయునో తెలిసికొనుటకు పెసేటా చరిత్ర మంచి నిదర్శనము. అందుచేత జవాబును చివరకు ఉంచి, ముందుగా కథ చెప్పెదను.

పెసేటాకు పూర్వము స్పెయిను దేశమున చెలామణిలో ఉన్న వెండి నాణెము రియాల్. ఎనిమిది రియాళ్ళ విలువగల పెద్ద వెండి నాణెము ఒకప్పుడు ప్రపంచమంతట చెల్లినది. 1545లో దక్షిణ అమెరికాలోని పొటోసీ అను కొండలో వెండి బయటపడినది. ఆ కొండ నుండియు, మెక్సికో గనుల నుండియు తీసిన వెండి ఈ నాణెముల రూపమున సముద్రములు దాటినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ స్పానిష్ డాలరు 1857 వరకు చట్టబద్ధముగా చెల్లుచునే ఉండినది. మన తీరమునకు కూడ అది వచ్చినది. 17వ శతాబ్దిలో మచిలీపట్నములో కోఠీలు పెట్టిన డచ్చివారు, ఇంగ్లీషువారు మన నేత బట్టలు కొనుటకు తెచ్చిన సొమ్ములో ఈ ఎనిమిది రియాళ్ళ వెండి ముఖ్యమైనది. మన షరాబులు ఆ నాణెము మీది రాజముద్రను చూచి మురిసినవారు కారు. దానిని తూచి, వెండి మచ్చు చూచి, అందుకు తగిన వరహాలు లెక్కించి ఇచ్చెడివారు. ఆనాడు నాణెము విలువ దాని ఒంటిలోనే ఉన్నది.

పెసేటా అను పేరు కటలోనియా ప్రాంతపు భాష నుండి వచ్చినది. ఆ భాషలో "పెసా" అనగా ముక్క. "పెసేటా" అనగా చిన్న ముక్క. రెండు రియాళ్ళ వెండి నాణెమును అక్కడి జనులు ముద్దుగా ఇట్లు పిలుచుకొనెడివారు. 1808లో నెపోలియన్ సేనలు బార్సెలోనాను ఆక్రమించిన తరువాత, అక్కడి టంకశాలలో పెసేటా అను పేరు చెక్కిన నాణెములు మొదటిసారిగా ముద్రింపబడినవి. రాజులు పెట్టిన పేరు కాదు; అంగడిలో పుట్టిన పేరే నాణెము మీదికి ఎక్కినది.

దేశమంతటికి అది అధికార ద్రవ్యమైనది 1868లో. ఆ ఏడు సెప్టెంబరులో విప్లవము జరిగి, ఇసబెల్లా రాణి సింహాసనము విడిచి ఫ్రాన్సుకు పోయినది. తాత్కాలిక ప్రభుత్వము ఏర్పడినది. అందులో ఆర్థిక మంత్రి లౌరెయానో ఫిగెరోలా. ఆయన కూడ కటలోనియావాడే. అప్పటికి స్పెయిను ద్రవ్యము పరమ గందరగోళముగ ఉన్నది. రియాళ్ళు ఉన్నవి, నాలుగేండ్ల క్రిందటనే ప్రవేశపెట్టిన ఎస్కూడో ఉన్నది, పాత రాజుల నాణెములు, పరదేశపు నాణెములు ఉన్నవి. సంతకు పోయినవాడు సరుకు వెల కంటె చిల్లర లెక్కకే ఎక్కువ సేపు నిలువవలసి వచ్చెడిది. 1868 అక్టోబరు 19న ఫిగెరోలా ఒక శాసనము వెలువరించినాడు: ఇక మీదట దేశపు ద్రవ్యము పెసేటా, దానికి నూరు సెంటిములు, బరువు 5 గ్రాములు, వెండి మచ్చు వేయికి 835 పాళ్ళు. ఈ కొలతలన్నియు అంతకు మూడేండ్ల క్రిందట ఫ్రాన్సు, బెల్జియము, ఇటలీ, స్విట్జర్లండు దేశములు కలిసి ఏర్పరచుకొన్న లాటిన్ ద్రవ్య సంఘము నుండి తీసికొన్నవి. స్పెయిను ఆ సంఘములో నియమప్రకారము చేరలేదు కాని, పెసేటాను ఫ్రాంకుకు తోడబుట్టువుగ చేసినది.

లెక్క వేసినచో ఆ మొదటి పెసేటాలో 4 గ్రాములకు పైచిలుకు శుద్ధమైన వెండి ఉన్నది. అదే కాలపు మన రూపాయిలో సుమారు 10.7 గ్రాములు ఉండెడిది. అనగా రెండున్నర పెసేటాలకు ఒక రూపాయి అని స్థూలముగా అనుకొనవచ్చును. పాత రియాళ్ళు నాలుగు ఒక పెసేటాతో సమానము. మనకు రూపాయిలో నాలుగవ వంతు పావలా అయినట్లే, వారికి పెసేటాలో నాలుగవ వంతు రియాల్. అయిదు పెసేటాల పెద్ద వెండి బిళ్ళకు జనులు పెట్టుకొన్న పేరు దూరో. రియాల్, దూరో అను ఈ రెండు మాటలను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. కథ చివర మరల వీటితో పని కలదు.

1869లో వెలువడిన పెసేటా మీద రాణి బొమ్మ లేదు, రాజు బొమ్మ లేదు. పైరనీసు కొండలకు ఆనుకొని, జిబ్రాల్టరు వైపు కాళ్ళు చాచి, చేత ఆలివు రెమ్మ పట్టుకొని కూర్చున్న ఒక స్త్రీమూర్తి ఉన్నది. ఆమె పేరు హిస్పానియా. రోమను చక్రవర్తి హేడ్రియను నాణెముల మీది బొమ్మ దీనికి ఒరవడి. మొదట ముద్రించిన కొన్ని నాణెముల మీద దేశము పేరుకు బదులు "తాత్కాలిక ప్రభుత్వము" అని చెక్కినారు. తాత్కాలికమని తన నొసటనే వ్రాసికొని పుట్టిన నాణెము నూట ముప్పది ఏండ్లు బ్రతికినది!

రాగి చిల్లర మీద మాత్రము డాలు పట్టుకొని నిలుచున్న సింహమును చెక్కించినారు. రాజసము ఉట్టిపడవలెనని పనివాని ఉద్దేశము. జనుల కంటికి అది సింహమువలె కనిపించలేదు, కుక్కవలె కనిపించినది. పది సెంటిముల నాణెమునకు "బొద్దు కుక్క" అని, అయిదు సెంటిముల నాణెమునకు "చిన్న కుక్క" అని పేర్లు పెట్టినారు. ఆ నాణెములు మాసిపోయినను ఆ పేర్లు వారి వాడుకలో నిలిచిపోయినవి. ప్రభుత్వము నాణెమును ముద్రించవచ్చును. దానికి పేరు పెట్టునది సంతలోని కూరగాయల మనిషి.

పెసేటా పుట్టిన వేళ మంచిది కాదు. నాలుగైదేండ్లు తిరుగక మునుపే జర్మనీ వెండిని విడిచి బంగారమును ఆశ్రయించినది. అమెరికా గనుల నుండి కొత్త వెండి రాశులుగ వచ్చిపడినది. ప్రపంచమున వెండి ధర దిగజారినది. ఈ దెబ్బ మన రూపాయికి కూడ తగిలినది. అందుచేతనే 1893లో మన దేశపు టంకశాలలు ప్రజలు తెచ్చిన వెండిని స్వేచ్ఛగా రూపాయలుగ ముద్రించి ఇచ్చుట మానివేసినవి. స్పెయిను అంతకు పదేండ్లు ముందుగానే, 1883లో, నోటు తెచ్చినవానికి బంగారము ఇచ్చుట నిలిపివేసినది. ఆపైన ఏనాడును ఇవ్వలేదు. 1898లో అమెరికాతో యుద్ధము వచ్చి క్యూబా, ఫిలిప్పీన్సు చేజారినవి. యుద్ధపు ఖర్చులకై నోట్లు అచ్చువేసినందున పెసేటా పరదేశములలో ఇంకను తేలిపోయినది.

నోటు అనగానే ఒక మనిషిని తలచుకొనవలెను. ఆయన పేరు హోసే ఎచెగరాయ్. వృత్తికి ఇంజనీరు, గణితమున దిట్ట, పేరొందిన నాటకకర్త. 1904లో నోబెల్ సాహిత్య బహుమానమును పంచుకొన్న ఇద్దరిలో ఒకరు. ఈ నాటకకర్తయే 1874లో ఆర్థిక మంత్రిగ ఉండి, దేశమంతటికి నోట్లు అచ్చువేయు హక్కును స్పెయిను బ్యాంకు ఒక్కదానికే కట్టబెట్టినాడు. అంతవరకు పలు పట్టణములలో పలు బ్యాంకులు నోట్లు వేయుచుండినవి. వందేండ్లు గడచిన తరువాత ఆ బ్యాంకు ఆయన ఋణము తీర్చుకొన్నది. 1971 తేదీ గల ఆకుపచ్చని వేయి పెసేటాల నోటు మీద గడ్డము పెంచిన ఒక వృద్ధుని ముఖము ఉన్నది. ఆయనే ఎచెగరాయ్. విశాఖపట్నపు సోదరి సంచిలో ఉన్న అయిదు నోట్లు ఇవియే కావచ్చును. కావలెనన్న ఆమె ఈ రాత్రియే తీసి చూడవచ్చును.

ఇప్పుడు కథలో అన్నిటికంటె కఠినమైన భాగము వచ్చినది.

1936 జులైలో స్పెయిను రెండుగ చీలినది. రిపబ్లికు ప్రభుత్వము ఒక వంక, తిరుగుబాటు చేసిన సేనాపతులు మరియొక వంక. దేశము చీలినట్లే పెసేటా కూడ చీలినది. స్పెయిను బ్యాంకు, దాని నేలమాళిగలలోని బంగారము రిపబ్లికు చేతిలో ఉన్నవి. ఆ అక్టోబరులో సుమారు 510 టన్నుల బంగారమును కార్తహేనా రేవులో ఓడలకెక్కించి మాస్కోకు పంపినారు. ఆయుధముల కొనుగోలులో అది కరగిపోయినది. అవతల తిరుగుబాటువారు బుర్గోసు పట్టణములో తమ సొంత బ్యాంకును నిలిపినారు. తమ ప్రాంతములోని పాత నోట్ల మీద తమ ముద్ర వేయించుకొనవలెనని ఆజ్ఞ జారీ చేసినారు. ముద్ర లేని నోటు చెల్లదు. ఒకే పేరు, ఒకే దేశము, రెండు ద్రవ్యములు. నది ఈవల చెల్లు నోటు ఆవల చిత్తు కాగితము.

రిపబ్లికు ప్రాంతములో వెండి నాణెములన్నియు జనుల పెట్టెలలోనికి పోయి దాగినవి. చిల్లర లేక సంతలు స్తంభించినవి. ఊరూర పురపాలక సంఘములు తమ సొంత చిల్లర కాగితములు అచ్చువేసికొన్నవి. చివరకు ప్రభుత్వమే గుండ్రని అట్టముక్కల మీద తపాలా బిళ్ళలు అంటించి, వీనినే నాణెములుగ వాడుకొనుడని చెప్పినది. రొట్టెల దుకాణములో అమ్మకు అట్టముక్క ఇచ్చి రొట్టె తెచ్చుకొనుట ఎట్టిదో ఊహించుడు.

1939 ఏప్రిలు 1న యుద్ధము ముగిసినది. గెలిచినవారు ఒక్క కలము పోటుతో, యుద్ధము మొదలైన తరువాత రిపబ్లికు చెలామణిలో పెట్టిన నోట్లన్నియు చెల్లవని తేల్చినారు. రిపబ్లికు ప్రాంతములో కూలిచేసినవాడు, పాలమ్మినది, పింఛను తీసికొన్నవాడు, అందరును మూడేండ్లపాటు సంపాదించినది ఆ నోట్లలోనే. నోటు ఏ ప్రభుత్వముదో ఎంచుకొనుటకు వారికి వీలెక్కడిది? ఆ నోట్లను "శత్రువు చెలామణిలో పెట్టిన కాగితపు డబ్బు" అను పద్దు క్రింద అప్పగింపుమన్నారు. భయపడినవారు అప్పగించి రసీదు తీసికొన్నారు. ధైర్యము చేసినవారు గోడ సందులలో, పరుపు పత్తిలో దాచినారు. రసీదుకును డబ్బు రాలేదు, దాచినదానికిని రాలేదు. ప్రజాస్వామ్యము తిరిగి వచ్చిన పిమ్మట ఆ రసీదులను చేతబట్టుకొని పరిహారము అడిగిన మనుమలు, మనుమరాండ్రు ఉన్నారు. యుద్ధములో ఓడినది సైన్యము మాత్రమే కాదు. అత్తగారి అల్మారాలోని పొదుపు కూడ ఓడినది.

ఫ్రాంకో పాలనలో తొలి ఇరువది ఏండ్లు కరవు కాలము. పెసేటాకు సర్కారు చెప్పు రేటు ఒకటి, చాటున నడచు రేటు మరియొకటి. 1959లో స్థిరీకరణ ప్రణాళిక అను పేర తలుపులు తెరచి, డాలరుకు 60 పెసేటాలని నిర్ణయించినారు. 1967లో అది 70 అయినది. ఎండను, సముద్రమును వెదకికొనుచు ఉత్తర ఐరోపా యాత్రికులు లక్షలుగ దిగినారు. పరదేశములకు కూలికి పోయిన స్పెయిను వారు ఇంటికి డబ్బు పంపినారు. 1966 తేదీతో వెలువడిన నూరు పెసేటాల నాణెము ఆ మంచి రోజుల గుర్తు. దాని బరువు 19 గ్రాములు. మచ్చు వేయికి 800 పాళ్ళు. చెలామణికై ముద్రించిన వెండి నాణెమే అయినను, వెండి ధర పెరుగగనే జనులు దానిని చెలామణి నుండి తీసి దాచుకొన్నారు. ముఖవిలువ కంటె ఒంటి విలువ పెరిగిన నాణెము ఏ దేశమునను బజారులో నిలువదు గదా!

ఆ తరువాత ధరలు పెరిగినవి. 1977లో పెరుగుదల నూటికి 26 దాటినది. 1992కును 1995కును నడుమ పెసేటా మారకపు విలువను నాలుగుసార్లు తగ్గించినారు. 2000లో ఒక దశలో డాలరుకు 200 పెసేటాలు దాటినవి. విలువ చిక్కినట్లే నాణెము కూడ చిక్కినది. 1869లో 5 గ్రాముల వెండి. 1989 నుండి చివరి వరకు అర గ్రాముకు కొంచెము మించిన అల్యూమినియము, అడ్డుకొలత 14 మిల్లీమీటర్లు. ఊదిన ఎగిరిపోవు బిళ్ళ. పెసేటా జీవిత చరిత్ర అంతయు ఈ రెండు బరువుల నడుమ ఉన్నది. మరియొక ఉదాహరణము: 1957లో వెలువడిన సియట్ 600 అను చిన్న కారు అక్కడి మధ్యతరగతి కుటుంబముల కల. దాని వెల 65,000 పెసేటాలు. ఆ సొమ్మును ఈనాటి లెక్కకు మార్చిన 391 యూరోలు కూడ నిండవు. దానితో కారు కాదు గదా, మంచి సైకిలు వచ్చుట కూడ కష్టము.

యూరో మాట వచ్చినది గనుక ఆ లెక్క కూడ చెప్పెదను. 1998 డిసెంబరు 31న ఒక యూరోకు 166.386 పెసేటాలని శాశ్వతముగ నిర్ణయించినారు. 2002 జనవరి 1న యూరో నోట్లు, నాణెములు చేతికి వచ్చినవి. ఫిబ్రవరి 28తో పెసేటా చెల్లుబాటు ముగిసినది. బడిపిల్లవాని నుండి తాతగారి వరకు అందరును ఆ వింత సంఖ్యను వల్లెవేసినారు. దశాంశములు నోరు తిరుగనివారు "ఆరు యూరోలన్న వేయి పెసేటాలు" అను చిట్కా నేర్చుకొన్నారు. నూరు పెసేటాల కాఫీ ఒక యూరో అయినదని, అనగా ఒక్క రాత్రిలో 166 పెసేటాలు అయినదని జనులు సణిగినారు. ఆ సణుగుడు నేటికిని పూర్తిగ ఆగలేదు.

చెల్లుబాటు పోయినను బ్యాంకు ఇచ్చిన మాట పోలేదు. పాత పెసేటాలను తెచ్చినవారికి స్పెయిను బ్యాంకు 2020 డిసెంబరు 31 వరకు యూరోలు ఇచ్చునని ప్రకటించినారు. మహమ్మారి వచ్చినందున ఆ గడువును 2021 జూన్ 30 వరకు పొడిగించినారు. పందొమ్మిది ఏండ్ల గడువు సామాన్యమైనది కాదు. అయినను ఆఖరి దినములలో మాడ్రిడ్‌లోని బ్యాంకు భవనము ముందు గంటల తరబడి వరుసలు నిలిచినవి. తాతగారి బల్ల సొరుగులో, పుస్తకముల నడుమ, పాత చేతిసంచి అస్తరులో దొరికిన నోట్లతో వచ్చినవారు ఎందరో. ఆ సాయంత్రము కిటికీ మూతపడిన నాటికి తిరిగిరాని పెసేటాల విలువ 150 కోట్ల యూరోలకు పైన ఉన్నది. కొన్ని నాణెముల సేకరణకారుల వద్ద, కొన్ని యాత్రికుల పెట్టెలలో, కొన్ని మన విశాఖపట్నములో.

ఇప్పుడు ఆ సోదరి ప్రశ్నకు జవాబు. దీనిని మూడు భాగములుగ చెప్పవలెను.

మొదటిది, లెక్కకు అందు విలువ. యూరో వెల నూరు రూపాయలని అనుకొన్నచో పెసేటా వెల అరువది పైసలు. అయిదు వేల పెసేటాల నోట్లకు 30 యూరోలు, అనగా మూడు వేల రూపాయలు. కాని ఇది 2021 జూన్ 30 వరకు మాడ్రిడ్ కిటికీలో దొరకిన విలువ. నేడు ఏ బ్యాంకును ఆ నోట్లకు ఒక్క పైసా ఇయ్యదు. ఎవరైనను "కమీషను పంపుడు, మార్చి ఇచ్చెదము" అని చెప్పినచో నమ్మవద్దు. మార్చు స్థలమే లేదు.

రెండవది, లోహపు విలువ. అల్యూమినియము బిళ్ళలకు లేదు. నూరు పెసేటాల నాణెము 1966 తేదీ గలదైనచో అందులో 15.2 గ్రాముల శుద్ధమైన వెండి ఉన్నది. ఆనాటి వెండి ధరతో హెచ్చవేసికొని చూడుడు. దాని ముఖవిలువ 60 యూరో సెంట్లు మాత్రమే. దాని వెండి అంతకు ఎన్నో రెట్లు. అయితే ముందుగా త్రాసులో వేయించవలెను. తరువాతి కాలపు నూరు పెసేటాల నాణెములు వెండివి కావు. వాటిని చూచి పొరపడరాదు.

మూడవది, సేకరణకారులు ఇచ్చు విలువ. ఆ వెండి నాణెము మీది చిన్న నక్షత్రములో ముద్రించిన సంవత్సరము వేరుగ చెక్కి ఉండును. భూతద్దముతో చూడుడు. 66, 67, 68 సామాన్యముగ దొరకునవి, 69 అరుదు. ఎచెగరాయ్ నోట్లు కొల్లలుగ ఉన్నవి. మడత పడని కొత్త నోటుకే ఏదో కొంత వెల. నాణెమును మెరయించవలెనని చింతపండు, ముగ్గు పెట్టి తోమకూడదు. తోమిన నాణెమును చూచి సేకరణకారుడు మొగము త్రిప్పుకొనును.

అన్నియు కూడిన ఆ మొత్తము అమ్మాయి కళాశాల జీతమునకు చాలదు. ఈ మాట చెప్పుటకు నాకు కష్టముగనే ఉన్నది. ఆ తండ్రిగారి తప్పు ఇందులో ఏమియు లేదు. ఆయన దాచినది ఒక దేశము ఇచ్చిన మాటను. వెండి నాణెము మాట ఇయ్యదు. అది తానే విలువ. అందుచేత నాణెము మిగిలినది. నోటు మాట ఇచ్చును. మాటకు గడువు ఉండును. ఆ గడువును అడిగి తెలిసికొనవలసిన పని మాత్రము దాచినవారిది. ఇంట పరదేశపు నోట్లున్న శ్రోతలు వాటి గడువు నేడే విచారించుట మంచిది. కొన్ని దేశములు ఎప్పటికిని మార్చి ఇచ్చును, కొన్ని ఇయ్యవు.

పెసేటా పూర్తిగ చనిపోయినదా అని అడిగినచో, లేదనియే చెప్పవలెను. ఇల్లు కొనునపుడు, పొలము అమ్మునపుడు స్పెయిను పెద్దలు నేటికిని పెసేటాలలో మనసులెక్క వేసికొనుచున్నారు. పది లక్షల పెసేటాలను వారు "ఒక కిలో" అనెడివారు. దూరో నాణెము పోయినను దూరో సామెత పోలేదు: నాలుగు పెసేటాలకు దూరో ఎవరును ఇయ్యరట. మనము మాత్రము వేరా? 1957 ఏప్రిలు 1న నయాపైసలు వచ్చినవి. 2011 జూన్ 30తో పావలా నాణెము కూడ చెల్లుట మానినది. సరిగా పదేండ్ల తరువాత అదే తేదీన మాడ్రిడ్ కిటికీ మూతపడినది. అయినను మా ఇంట "పావలా వంతు పని కూడ కాలేదు" అనుట ఎవరును మానలేదు. మా అమ్మమ్మగారు బ్రతికియున్నంత కాలము కూరల వెల అణాలలోనే చెప్పెడివారు. వాడుకలో దిగిన నాణెమును ఏ టంకశాలయు వెనుకకు తీసికొనజాలదు.

2001లో ముద్రించిన చివరి నూరు పెసేటాల నాణెము మీద, 1869 నాటి ఆ స్త్రీమూర్తినే మరల చెక్కినారు. కొండకు ఆనుకొని కూర్చున్న ఆమె, వచ్చిన దారినే తిరిగి చూచినట్లున్నది.

విశాఖపట్నపు సోదరికి నా మనవి ఒక్కటే. వెండి నాణెమును తూయించి, అవసరమైనచో అమ్ముడు. నోట్లలో ఒకదానినైనను అమ్మాయి చేతికి ఇచ్చి, ఈ గడ్డపుముసలి ఎవరో, ఆ నోటు మీ తాతగారి పెట్టెలోనికి ఏ సముద్రము దాటి వచ్చినదో చెప్పుడు. కళాశాల జీతము వేరే విధమున సమకూరునని ఆశింతము. సెలవు.